నలభై ఆరు సెంటీమీటర్లు

హెల్సింకి
12 జనవరి 1992

తైమి అత్తకి,

అమ్మ పోయాక ఉత్తరాలు రాసుకోవడానికి నాకు నువ్వొక్కదానివే మిగిలావు. కాబట్టి ఇకమీదట నీ ప్రాణం తీస్తాను, సిద్ధంగా ఉండు. అక్టోబరులో, అంత్యక్రియల రోజున నువ్వు నా చేతిలో కుక్కిన ఉన్ని మేజోళ్లు రోజూ వేసుకుంటున్నాను. ఎడమది కుడిదానికంటే వేలెడు పొడుగు. ఏడుస్తూ అల్లావా, టీవీ చూస్తూ అల్లావా?

సంగతేమిటంటే, మా విభాగం పెద్ద నన్నొక శిక్షణకి పంపాడు. శాస్త్రం చదివినవాళ్లకి మామూలు మనుషుల కోసం రాయడం నేర్పుతారట. మంగళవారం సాయంత్రాలు, పన్నెండు మందిమి. ఒకాయన చెరువు నాచు మీద పనిచేస్తాడు, ఒకావిడ చెవిలోని ఎముకల మీద. నాది సరస్సుల మీద కట్టే మంచుగడ్డ. నేర్పే ఆవిడ పేరు ఇర్మెలి, పత్రికలో ముప్పయ్యేళ్లు పనిచేసింది. మొదటిరోజు మా కాగితాలన్నీ చదివి, కళ్లద్దాలు తీసి, "మీకెవరికైనా ఇంట్లో మాట్లాడుకునే మనుషులున్నారా?" అని అడిగింది. ఎవరూ నవ్వలేదు.

చివరికి ఒక్కొక్కరం ఒక వ్యాసం రాయాలి. బాగున్నవి శనివారం పేజీలో అచ్చవుతాయి. నాకు ఏప్రిల్ పదకొండు ఇచ్చారు. దేశమంతా కాఫీ తాగుతూ చదివే పేజీ అది. అత్తా, ఇన్నేళ్లుగా నేను రాసింది ప్రపంచం మొత్తం మీద నలభై మంది చదివి ఉంటారు. ఇది మాత్రం నాకు కావాలి.

మొదటి అభ్యాసం ఏమిటంటే, మన విషయం బొత్తిగా తెలియని మనిషిని ఎంచుకుని వాళ్లకి రాయాలి. నేను నిన్ను ఎంచుకున్నాను. కోపం తెచ్చుకోకు. బడిలో వంట చేసిన మనిషివి, మంచుగడ్డ సంగతులు నీకెందుకు తెలుస్తాయి! రెండు పేజీలు జతచేశాను. అర్థంకాని చోటల్లా గీత పెట్టి పంపు.

నీ తమ్ముడి కూతురు కాదు, అన్న కూతురు (వరస తప్పితే ఊరుకోవుగా),
ఔలి


కల్వా
21 జనవరి

ఔలీ,

గీతలు పెట్టడం మొదలుపెట్టాను. పెన్సిలు అరిగిపోయింది.

మొదటి వాక్యంలో ముప్పై ఒక్క మాటలున్నాయి. క్రియ దగ్గరికి చేరేలోపు పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. చేరాక చూస్తే ఆ క్రియ 'గమనింపబడినది' అట. ఎవరు గమనించారు తల్లీ? అంత చలిలో నిలబడి చూసిన మనిషికి పేరు లేదా? రెండో పేజీలో 'ఉష్ణ సంకోచజనిత ధ్వని ఉద్గారం' అన్నావు. ఆ నాలుగు మాటల మీద కాసేపు కూర్చున్నాను. సాయంత్రం పూట సరస్సు అరుస్తుందే, దాన్ని గురించేనా నీ గోల? అయితే అలాగే అనొచ్చుగా.

ఎలాగూ ఆ మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. ఎండ దిగిపోయిన కాసేపటికి మా రేవు దగ్గర మూడుసార్లు తట్టిన చప్పుడవుతుంది. తలుపు తట్టినట్టే. మూడు, ఆ తరువాత ఏమీ ఉండదు. కొన్ని రోజులు చేతిలో గరిటె అలాగే పట్టుకుని నాలుగోది వస్తుందేమోనని నిలబడిపోతాను. అదెందుకో నీ శాస్త్రం చెప్పగలదా? చెప్పగలిగితే నాకు అర్థమయ్యేలా చెప్పు.

ఇంకొకటి. 'సామాన్య పాఠకుడు' అని రాశావు. నలభై ఏళ్లు బడిలో గిన్నెలు పట్టుకుని నిలబడ్డ పిల్లలందరికీ బఠాణీ సూప్ పోశాను, ఆ పేరుగలవాడు ఒక్కడూ నా వరసలోకి రాలేదు. పేరున్న ఒక్క మనిషికి రాయి. ఆ మనిషి తల తిప్పుకుంటే నీకు తెలియాలి.

మంచుగడ్డ గురించి నాకేమీ తెలియదన్నావు. సరే. నువ్వు మా ఇంటికి వేసవుల్లోనే వచ్చావు, ఈత కొట్టి వెళ్లావు. మీ అమ్మ చలికాలంలో నిన్ను ఒక్కసారి కూడా పంపలేదు. కాబట్టి సరే.

మేజోడు రేడియోలో వార్తలు వింటూ అల్లాను.

తైమి


హెల్సింకి
9 ఫిబ్రవరి

అత్తా,

నీ ఉత్తరం ఇర్మెలికి చూపించాను, తిట్టకు. ఆవిడ రెండుసార్లు చదివి, "మీ అత్త ఈ ఉద్యోగానికి వస్తారా?" అంది.

నీ తట్టుడు సంగతి. ఇది మూడోసారి రాయడం, మొదటి రెండూ నీ మొహం తలుచుకుని చించేశాను. పగలంతా ఎండకి మంచుగడ్డ పైభాగం కాస్త వెచ్చబడి సాగుతుంది. ఎండ దిగగానే చలి దాన్ని బిగించేస్తుంది. కిందిభాగం మాత్రం నీళ్లని ఆనుకుని ఉంటుంది కనుక ఎప్పుడూ ఒకేలా ఉంటుంది, ముడుచుకోదు. ఉతికాక కురచైన చొక్కా లావుపాటి మనిషికి తొడిగినట్టే. ఎక్కడో ఒకచోట పిగలాలి. ఆ పిగిలిన చప్పుడే నీకు వినిపిస్తోంది. అక్కడ ఎవరూ లేరు.

ఇప్పుడు అసలు విషయం. పోయిన నెల చివరి మంగళవారం ఇర్మెలి, "మంచుతో మొదలుపెట్టకండి, మనిషితో మొదలుపెట్టండి. మీరు ఈ పనిలోకి ఎందుకొచ్చారు?" అని అడిగింది. ఇంటికొచ్చి ఒక్క గుక్కలో రాశాను. మొదటి పేరా ఇదీ:

'నాకు నాలుగేళ్లప్పుడు, ఏప్రిల్‌లో ఒక ఆదివారం, మా నాన్న తాగి సరస్సు మీదికి వెళ్లాడు. తిరిగి రాలేదు. అతను పోయింది మంచు వల్ల కాదు, సీసా వల్ల. అయినా నేను మాత్రం మంచునే చదువుకున్నాను.'

తరువాతి మంగళవారం ఇర్మెలి చదివింది. పక్కన ఎర్రసిరాతో ఒక్క టిక్కు పెట్టింది. ఎవరికీ పెట్టలేదు అలా. ఇంటికి నడుచుకుంటూ వచ్చాను, బస్సు ఎక్కబుద్ధి కాలేదు.

ఇంకా కంటికి కనిపించే వివరాలు కావాలంది. అమ్మ లేదు, ఇక చెప్పగలిగినదానివి నువ్వే. ఆ రోజు ఎండ కాసిందా? నాన్న ఎన్నింటికి బయలుదేరాడు? అవతలి ఒడ్డుకి ఎందుకు? సంచిలో దొరికిన సీసా ఏ రకం?

ఔలి


కల్వా
18 ఫిబ్రవరి

ఔలీ,

చొక్కా బాగుంది. అర్థమైంది. సాయంత్రం మళ్లీ మూడుసార్లు తట్టింది, చొక్కా అనుకున్నాను. చాలాసేపు అనుకుంటూనే ఉన్నాను.

రొట్టెల పొయ్యి ఇటుక ఒకటి కదిలింది. పక్కింటి లెంపి మనవరాలికి దద్దుర్లు. పోయిన వారం ఇరవై ఎనిమిది డిగ్రీల చలి, పొద్దున్నే తలుపు తీస్తే ముక్కులో వెంట్రుకలు బిర్రబిగుసుకున్నాయి.

మొదటి పేరా తీసెయ్.

ఆ రోజు ఎండ కాసింది.

తైమి


హెల్సింకి
27 ఫిబ్రవరి

తైమి అత్తకి,

తీసెయ్యను.

ఎందుకు తీసెయ్యమన్నావో నాకు తెలుసు. ఇంటి సిగ్గు ఇంట్లోనే ఉండాలని. అమ్మా అంతే. ఆ మాట ఎత్తితే లేచి గిన్నెలు కడిగేది, కడిగినవే మళ్లీ కడిగేది. పదకొండో ఏట బంధువుల పెళ్లిలో ఎవరో మీసాలాయన, "ఓహో, సీసాతో మునిగిన ఐమో కూతురివా?" అన్నాడు. నాకు తెలిసింది అలా.

నువ్వెప్పుడూ అడగలేదు కానీ చెబుతున్నాను. నాకు ఇరవై తొమ్మిదేళ్లు, ఇంతవరకూ ఒక్క గ్లాసు ముట్టలేదు. మంచిదే కదా అంటావు. మంచితనం కాదు అత్తా, భయం. ఎవరైనా నవ్వుతూ గ్లాసు చేతికిస్తే నాన్న ఇచ్చినట్టుంటుంది. నాలో ఆయన ఎక్కడో కూర్చుని ఉన్నాడని, ఏదో ఒక ఆదివారం లేచి బయలుదేరతాడని. రెండేళ్ల కిందట ఒకతను పెళ్లి చేసుకుందామన్నాడు. పిల్లలకి ఏం రక్తం ఇస్తానోనని కాదన్నాను. ఈ పేరా రాసిన సాయంత్రం మొదటిసారి ఊపిరి ఆడింది. దాన్ని తీసెయ్యమంటున్నావు.

శాస్త్రం రాయడమంటే ముందు నిజం రాయడం. మీ ఊళ్లో అందరికీ తెలిసిన నిజాన్ని నేను రాస్తే నీకు ఎందుకంత కష్టం?

ఔలి


హెల్సింకి
23 మార్చి

అత్తా,

దాదాపు నెలైంది. ఫోన్ చేస్తే ఎత్తవు, ఫోన్లో మాటకి రుచి ఉండదని నీకు ముందునుంచీ ఉన్న పిచ్చేననుకున్నాను. నా ఉత్తరం కటువుగా ఉంది, ఒప్పుకుంటున్నాను. తిట్టు, పడతాను. మాట్లాడకుండా ఉండకు.

నిన్న లెంపికి ఫోన్ చేశాను. ఆవిడ చెప్పింది ఇదీ. "ఔలీ, చెప్పకూడదు గానీ, మీ అత్త పదిరోజులకోసారి సరస్సు మీదికి పోతుంది. ఒక్కతే. కన్నం తవ్వుతుంది. తవ్వి అందులోకి మాట్లాడుతుంది. మొన్న ఇరవయ్యో తారీకున నేను చెవులారా విన్నా. 'రా' అంటోంది. ఎవర్నని రమ్మంటోందో ఆ దేవుడికే తెలియాలి" అంది.

అత్తా, అరవై రెండో ఏడు నడుస్తోంది నీకు. ఒంటరిగా ఉంటున్నావు. ఇది నా తప్పు కూడా. నాన్న గురించి అడిగి అడిగి పాత పుండు రేపాను. ఇక్కడ మంచి డాక్టరు ఉన్నాడు, ఏప్రిల్ చివర్లో సమయం తీసుకున్నాను. ఈస్టర్‌కి నేనే వచ్చి నిన్ను తీసుకొస్తాను. అప్పటిదాకా దయచేసి సరస్సు మీదికి వెళ్లకు.

ఔలి


కల్వా
30 మార్చి

ఔలీ,

నాకు మతి పోలేదు. డాక్టరుగారి సమయం దద్దుర్ల పిల్లకి ఇప్పించు. లెంపికి నేను చెప్పుకుంటాను, ముప్పయ్యేళ్లుగా నా కిటికీలోకి చూడటమే దానికి పని.

ఇప్పుడే సరస్సు మీదినుంచి వచ్చాను. యాభై రెండు సెంటీమీటర్లు. పైన పన్నెండు తెల్లది, కింద నలభై నల్లది, గట్టిది. ఇంకా గుర్రం నడుస్తుంది.

గడ్డ గురించి ఏమీ తెలియని మనిషని నన్ను ఎంచుకున్నావు. 1951 నుంచి 1966 దాకా కల్వా సరస్సు గడ్డని కొలిచింది నేనే. రాజధానిలోని సంస్థవాళ్లు నాకు మంచు తొలిచే బరమా, కొలబద్ద, ఫారాల కట్ట పంపారు. ప్రతినెలా పదో తేదీ, ఇరవయ్యో తేదీ, ముప్పయ్యో తేదీ. నేను కన్నం తవ్వి, కొలబద్ద దింపి, అంకె ఫారంలో రాసి పోస్టు చేసేదాన్ని. అదే అంకె మా జిల్లా పత్రికకీ పంపేదాన్ని, వాళ్లు మూలన చిన్నగా వేసేవాళ్లు. 'కల్వా సరస్సు, ఇన్ని సెం.మీ.' నాలుగో తరగతితో బడి మానేసిన ఆడదాని అంకె పేపర్లో పడేది. నాకు అదెంత గర్వమో నీకు చెప్పలేను. కత్తిరించి గోడకి అంటించేదాన్ని.

1966 ఏప్రిల్ 20న నలభై ఆరు వచ్చింది. నలభై ఆరని రాశాను. అది అబద్ధం కాదు. ఇప్పటికీ అదే నన్ను తినేస్తోంది. అబద్ధమైతే తప్పు ఒప్పుకుని ఊరుకునేదాన్ని.

అప్పటికి రెండు వారాలుగా ఎండ కాస్తోంది. బరమా మూడు తిప్పుళ్లకే దిగిపోయింది. ఏప్రిల్ గడ్డ ఎలా ఉంటుందో నీకు తెలుసు. మందం పెద్దగా తగ్గదు, లోపల నిలువునా పుల్లలుగా విడిపోతుంది. అగ్గిపుల్లల్ని గుత్తిగా నిలబెట్టి చుట్టూ ఏమీ కట్టకపోతే ఎలా ఉంటుందో అలా. ఎత్తు ఎత్తే. అడుగు వెయ్యి చూద్దాం. ఫారంలో చివర 'ఇతర విషయాలు' అని ఒక గడి ఉండేది. ఖాళీగా వదిలేశాను. అందరికీ తెలిసిందే కదా అనుకున్నాను. ఈ ఒడ్డున పుట్టినవాడికి ఏప్రిల్ గడ్డ సంగతి నేను చెప్పేదేమిటి?

మీ నాన్నకి నాకంటే బాగా తెలుసు. ఆదివారం పొద్దున్న మా వంటింట్లోకి వచ్చాడు. విత్తనం బంగాళాదుంపలు తేవడానికి అవతలి ఒడ్డుకి పోవాలి. చుట్టూ రోడ్డున ఇరవై రెండు కిలోమీటర్లు, అడ్డంగా మూడు. కిటికీలోంచి సరస్సు వైపు చూసి కాసేపు గడ్డం గోక్కున్నాడు. ఔలీ, వాడు సందేహించాడు. నేను చూశాను. అంతలో బల్ల మీద పేపరు కనిపించింది. చదివి నవ్వాడు. "ఇంకేం, మా చెల్లి కొలిచింది. నలభై ఆరు. లారీ పోతుంది దీని మీద" అన్నాడు.

నేను పిండి కలుపుతున్నాను. ఆ మాటకి నాకు ఎంత సంతోషమైందంటే, ఏమీ అనలేదు. చేతులు కడుక్కుని వాడికి దారిలోకి కాఫీ పోసిచ్చాను.

దేంట్లో పోశానో ఇప్పుడు విను. మా వైపు అప్పట్లో అందరూ చేసేదే. సారా అంగడి ఖాళీ సీసాలో వేడి కాఫీ పోసి, బిరడా బిగించి, పాత ఉన్ని మేజోడులో దూర్చి సంచిలో పెడితే మధ్యాహ్నం దాకా వేడి చల్లారదు. అడవిలో కట్టెలు కొట్టేవాళ్లందరి సంచుల్లోనూ ఉండేది. మేజోడు నీళ్లలో పోయింది. సంచి తీసినప్పుడు సీసా మాత్రం బయటపడింది, చీటీ సగం ఊడి. పోలీసాయన పక్క జిల్లావాడు, పట్నం మనిషి. సీసా పైకెత్తి నా వైపు చూసి, "తాగి ఉన్నాడా అమ్మా?" అని అడిగాడు.

ఒడ్డున ఊరంతా నిలబడి ఉంది. నేను నోరు తెరిస్తే వచ్చే తరువాతి ప్రశ్న నాకు కనిపిస్తోంది. తాగలేదా, మరి ఏప్రిల్‌లో ఎందుకు వెళ్లాడు? ఎవరి మాట నమ్మి వెళ్లాడు?

నేను తల దించుకున్నాను. ఆయన రాసుకున్నాడు. అంతే. సీసా నాకే ఇచ్చారు. ఇంటికొచ్చి బిరడా తీస్తే కాఫీ. వాడు ఒక్క గుక్క కూడా తాగలేదు. మీ అమ్మ నన్నెప్పుడూ ఏమీ అడగలేదు. నిన్ను ఒళ్లో పెట్టుకుని టాంపెరె పట్నానికి రైలెక్కింది. ఎన్నోసార్లు చెబుదామనుకుని ఆవిడ దగ్గరికి ప్రయాణమయ్యాను, రెండుసార్లు స్టేషను దాకా వెళ్లాను. ఇప్పుడు ఆవిడా లేదు.

నీ ఒంట్లో కూర్చుని ఉన్నాడనుకుంటున్నావే, వాడు అక్కడ లేడు తల్లీ. మీ నాన్న క్రిస్మస్‌కి ఒక గ్లాసు తాగితే కుర్చీలోనే నిద్రపోయేవాడు. నువ్వు ఇన్నేళ్లు భయపడింది నా మౌనాన్ని చూసి. ఆ పెళ్లి సంగతి చదివాక నెల రోజులు కలం పట్టుకోలేకపోయాను. అందుకే జవాబు లేదు.

1966లో, వాడు మునిగిన నెలలోనే సంస్థకి రాజీనామా రాశాను. కొలవడం మానలేదు. పదో తేదీ, ఇరవయ్యో తేదీ, ముప్పయ్యో తేదీ. పంపేది వాడికి, వేరే ఎవరికీ కాదు; కన్నంలోకి చెప్పి, పుస్తకంలో రాసుకుంటాను. లెంపి విన్నది అదే. నోటుపుస్తకాలు పదిహేడు, వేరే పార్సిల్లో పంపుతున్నాను. చదువు, తగలబెట్టు, నీ ఇష్టం.

తైమి


హెల్సింకి
3 ఏప్రిల్

తైమి అత్తకి,

ఏమని పిలవాలో తెలియక పాత అలవాటు ప్రకారం రాశాను.

'కల్వా, 20.4.1966, 46 సెం.మీ., పరిశీలకురాలు టి.ఎస్.' నా సిద్ధాంత గ్రంథంలో నూట పన్నెండో పేజీ, నాలుగో పట్టిక. ఆ అంకె నాకు కంఠతా వచ్చు. నాన్న పోయిన వారం అంకె కదా, వెతికి మరీ చూశాను. చూసి ఏమనుకున్నానో తెలుసా? నలభై ఆరు ఉండగా మునిగాడంటే నిజంగానే తాగి ఉంటాడని. ఏప్రిల్ గడ్డ ఎలా కుళ్లుతుందో మూడు అధ్యాయాలు రాసినదాన్ని, ఆ ఒక్క గడి దగ్గర ఆలోచించలేదు. నాన్న నమ్మినట్టే నేనూ నీ అంకెని నమ్మాను.

ఆ టి.ఎస్. ఎవరని ఒక్కసారి కూడా అడగలేదు. గమనింపబడినది.

నీ మీద నాకు చాలా కోపంగా ఉంది. కాఫీ అని ఒక్క మాట చాలేది. అమ్మ పోయేలోపు ఒక్క మాట. ఆవిడ ఇరవై ఐదేళ్లు కడిగిన గిన్నెలే కడిగింది.

ఇర్మెలికి ఫోన్ చేసి నా వ్యాసం వెయ్యొద్దన్నాను. మొదటి పేరా అబద్ధమని తెలిశాక మిగతాది నిలబడలేదు. "గురువారం మధ్యాహ్నం దాకా జాగా ఉంచుతాను" అంది ఆవిడ. ఉంచనీ. పార్సిల్ వచ్చింది. తాడు విప్పలేదు.

ఔలి


హెల్సింకి
6 ఏప్రిల్

అత్తా,

తాడు విప్పాను.

శనివారం పొద్దున కూర్చున్నదాన్ని ఆదివారం సాయంత్రానికి లేచాను. మధ్యలో కాఫీ పెట్టుకున్నాను, తాగలేదు. కొన్ని నీకే చూపించాలనుంది, నువ్వే రాసినా.

'20 ఏప్రిల్ 1967. ఐమో, నలభై ఒకటి. చెక్కలా లేదు, పాలలో నానిన రొట్టెలా ఉంది. గొడ్డలి వెనకతో కొడితే పుల్లలై రాలింది. రాకు.'

'10 జనవరి 1974. ఐమో, ముప్పై మూడు. నల్లగా, అడుగున పోతున్న చేప కనిపించేంత తేటగా ఉంది. రా.'

'30 నవంబరు 1979. ఐమో, ఏడు. ఒక మనిషికి సరిపోతుంది, ఇద్దరైతే దూరదూరంగా నడవాలి. నువ్వొక్కడివే కదా. రా.'

'20 ఏప్రిల్ 1985. ఐమో, యాభై. నువ్వు పోయిననాటికంటే ఎక్కువ. యాభై అన్న మాట వినకు. అంకె వినకు. నా మాట విను. రాకు.'

ఇలా ఇరవై ఆరేళ్లు. ఎక్కడా 'అందరికీ తెలిసిందే' అని ఒక్క గడి వదల్లేదు. మాకు ఇర్మెలి మూడు నెలలుగా నేర్పాలని చూస్తున్నది నువ్వు ఒక్కడి కోసం నేర్చుకున్నావు. నాకు కోపం పోలేదు. పోయిందని రాస్తే అబద్ధం. కానీ ఆ పేజీలు చదువుతుంటే, రావచ్చు, రాకూడదు అని చెప్పే గొంతు ఒకటి ఆ మంచు మీద ఇన్నాళ్లూ నిలబడి ఉందని, అది నాకూ చెబుతోందని అనిపించింది. ఏడ్చాను. నువ్వు అల్లిన మేజోళ్లతోనే మొహం తుడుచుకున్నాను.

మళ్లీ రాశాను. మొదలు ఇదీ:

'1966 ఏప్రిల్ 20న మా అత్త కల్వా సరస్సు మీది మంచుగడ్డని కొలిచింది. నలభై ఆరు సెంటీమీటర్లు. ఆ అంకె తప్పు కాదు. నాలుగు రోజుల తరువాత మా నాన్న దాన్ని నమ్మి సరస్సు దాటబోయాడు. ఆయన సంచిలోని సీసాలో ఉన్నది కాఫీ. ఒక అంకె నిజమై ఉండి కూడా మనిషిని ఎలా ముంచగలదో ఈ వ్యాసంలో చెబుతాను.'

ఆ తరువాత పుల్లలు, ఎండ, నీ అగ్గిపుల్లల గుత్తి. చివర నీ నోటుపుస్తకాల్లోంచి నాలుగు రోజులు.

పేరు లేకుండా 'ఒక పరిశీలకురాలు' అని కూడా వెయ్యొచ్చు. మీ ఊరంతా చదువుతుంది అత్తా. దుకాణంలో, చర్చిలో, బస్సులో. నువ్వు ఆ రోజు ఒడ్డున తప్పించుకున్న ప్రశ్న ఇప్పుడు అందరూ అడగొచ్చు. నువ్వు వద్దంటే పేరు ఉండదు. గురువారం పన్నెండింటిలోపు తెలియాలి.

నీ అన్న కూతురు
ఔలి


(పోస్టుకార్డు)
కల్వా, 8 ఏప్రిల్

పేరు వెయ్యి. ఇంటిపేరు కూడా. 'గమనింపబడినది' అని మాత్రం ఎక్కడా రాయకు.
తై.


కల్వా
20 ఏప్రిల్ 1992

ఔలీ,

ఆ శనివారం పేపరు తేవడానికి దుకాణానికి నడిచే వెళ్లాను. లోపల ఏడెనిమిది మంది ఉన్నారు.  దుకాణపు అమ్మాయి డబ్బు తీసుకుని, చిల్లర ఇచ్చి, నా వంక చూడకుండానే, "మా తాత కూడా కాఫీ అలాగే పట్టుకుపోయేవాడు" అంది. నేను తలూపి వచ్చేశాను. 

పేపరు రేవు దగ్గర నిలబడి గట్టిగా చదివాను, మొదటినుంచి చివరిదాకా. ఎవరికని అడగకు. ఎక్కడా పాలు పొంగలేదు. ఒకచోట 'అందువలన' అని రెండుసార్లు వచ్చింది, ఈసారి చూసుకో.

మధ్యాహ్నం లెంపి వచ్చింది. కుర్చీ చివర కూర్చుని బన్ను రెండు ముక్కలు చేసి, రెండూ బల్ల మీదే పెట్టి, "సీసా చూశానని ఊళ్లో మొదట చెప్పింది నేనే తైమీ. ఎందుకు నిలదీయలేదే నన్ను? ఎందుకు ఆపలేదే?" అని ఏడ్చింది.  ఇద్దరం చెరో ముక్కా తిన్నాం. కొందరు ఇంకా పలకరించడం లేదు. వాళ్లకి ఆ హక్కు ఉంది. నీకూ ఉంది. కోపం పోయిందని అబద్ధం రాయనందుకు సంతోషించాను.

ఈస్టర్‌కి నువ్వు రాలేదు, అడగలేదు నేను. నిన్న ఐమో సమాధి దగ్గరికి వెళ్లాను. రాయికి ఆనించి ఒక సీసా ఉంది, బూడిదరంగు ఉన్ని మేజోడులో దూర్చి. ఊళ్లో ఎవరిదో నాకు తెలియదు, ఆ అల్లిక నాది కాదు. పట్టుకుని చూశాను. ఇంకా వేడిగానే ఉంది.

సాయంత్రం తట్టుడు వినిపించింది. మూడుసార్లు. ఆగిపోయిందని అనుకుంటావేమో, ఆగలేదు. చొక్కా అని గట్టిగా పైకి అన్నాను. ఈసారి నాలుగోదాని కోసం నిలబడలేదు, గిన్నె కడిగేసి లోపలికి వచ్చాను.

ఇవాళ ఇరవయ్యో తేదీ. పద్దెనిమిదో పుస్తకం తెరిచి ఎప్పటిలాగే మొదటి మాట రాయబోయాను. రాయలేదు. చాలాసేపు కలం పట్టుకుని కూర్చుని ఇలా రాశాను, నీకూ అదే పంపుతున్నాను:

ఔలీ, ముప్పై ఎనిమిది. బరమా దాని బరువుకే దిగిపోయింది. అంతా పుల్లలు. మంచు మీదుగా రాకు. రోడ్డున రా.

తైమి